హరిలాల్ కాకా తెచ్చిన ఫిజిక్స్ పుస్తకాలు

ఫిజిక్స్‌లో మొదటి పాఠం ఉషారాణికి వచ్చినంత బాగా, భద్రాచలం బూర్గంపాడు రెండూ కలిపి వెతికినా ఇంకెవరికీ రాదు. ప్రమాణాలు, కొలతలు అనే ఆ పాఠాన్ని ఆమె పదకొండు పుస్తకాల్లో పదకొండు సార్లు చదివింది. కరెంటు పాఠం మాత్రం ఒక్కసారి కూడా పూర్తి చేయలేదు. పోయినేడు నీట్‌లో ఫిజిక్స్‌కు నూట ఎనభైకి ముప్పై ఏడు మార్కులు వచ్చింది అందుకే గాని, తెలివి తక్కువై కాదు.

తప్పంతా ప్రేమది. ఆమె చిన్నాన్న హరిలాల్ భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను జీపులో తిప్పుతాడు. నోరున్న మనిషి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన కుటుంబం జీపెక్కితే చాలు, "మా బిడ్డ డాక్టర్ పరీక్ష రాస్తున్నది సార్, మీ పిల్లలు చదివిన ఫిజిక్స్ పుస్తకాలేమన్న ఉన్నయా?" అని మొదలుపెట్టేవాడు. కొందరు నవ్వి ఊరుకునేవారు. కొందరు ఇంటికెళ్లి నిజంగానే పార్సిల్ పంపేవారు. వాటిలో ఇంజనీరింగ్ పరీక్షవి కూడా ఉండేవి. హరిలాల్‌కు ఆ తేడా తెలియదు. లావుగా ఉంటే మంచి పుస్తకమని ఆయన లెక్క.

తెచ్చిన మర్నాడే వచ్చి, "మొదలువెట్టినవా బిడ్డా?" అని అడిగేవాడు. వాళ్ల లంబాడీ తండాలో ఒకరు మనసుపడి తెచ్చింది పక్కన పెట్టడమంటే, తెచ్చిన చేతిని విదిలించినట్టే. అందుకని ఉషారాణి పాత పుస్తకం ఎక్కడున్నది అక్కడే ఆపి, కొత్తది మొదటి పేజీ నుంచి అందుకునేది. ఇలా పోయినేడంతా గడిచింది, ఈ ఏడూ అలాగే నడుస్తోంది.

నీట్ రాయడం ఇది రెండోసారి. తండ్రి జైరాం ఒకటే మాట అన్నాడు. "ఈసారి రాకుంటె నర్సింగుల చేరు బిడ్డా. ఇంకో ఏడు వద్దు." అందులో అన్యాయం లేదు. నర్సు పని చిన్నదీ కాదు. కానీ ఉషారాణికి డాక్టరే కావాలి. ఆ మాట ఎవరి ముందైనా చెప్పడానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. పరీక్షకు ఇంకా ముప్పై ఎనిమిది రోజులున్నాయి.

ఆ ఉదయం పాత ప్రశ్నపత్రం ఒకటి ముందేసుకుని కూర్చుంది. మొదటి పాఠాల ప్రశ్నలు చకచకా అయిపోయాయి. తర్వాతవన్నీ ఖాళీలే. ఒళ్లు మండి పుస్తకాలన్నీ తెచ్చి వసారాలో పరిచింది. ప్రతిదానికీ మొదటి నలభై పేజీలు చేతులు పడి నలిగాయి, ఆ తర్వాత ఆమె వేలే తగల్లేదు.

"చదవేస్తె ఉన్న మతి పోయిందంటరే, గది నేనే," అని పైకే అనుకుంది.

అక్కడితో తిట్టుకోవడం ఆపి పనిలో పడింది. తనకు అన్నిటికన్నా భయమైన కరెంటు పాఠాన్ని పదకొండు పుస్తకాల్లోనూ తెరిచింది. ఒక్కోదాంట్లో నాలుగు పేజీలు చదవడం, పుస్తకం మూసేయడం, పాత పేపర్లోంచి ఒక కొత్త లెక్క చేసి చూడడం. లెక్క వస్తే ఆ పుస్తకం కుడివైపుకు, రాకుంటే ఎడమవైపుకు. మధ్యాహ్నానికి కుడివైపు మూడే మిగిలాయి. రెండు మామూలు క్లాసు పుస్తకాలు, ఒకటి పాఠాలవారీగా జవాబులు వివరించిన, అట్ట ఊడిపోయిన పాత ప్రశ్నపత్రాల సంపుటి. లావు పుస్తకాలు చెప్పేవి నిజమే కానీ, ఆమెకు కాదు, వెనక బెంచీలో ఇంకెవరికో చెబుతున్నట్టుంది.

"ఇన్ని పక్కకు వెడితె మీ కాక మొహం ఎట్ల చూస్తవే?" అంది తల్లి హేమ్లి, భయం భయంగా.

"చూస్త యాడీ. పరీక్ష రాసేది నేను గదా."

సాయంత్రం హరిలాల్ రానే వచ్చాడు, చేతిలో పన్నెండో పుస్తకంతో. అన్నిటికన్నా లావుది. ఉషారాణి లేచి నిలబడి, "వద్దు కాకా," అంది.

హేమ్లి చేతిలో పని ఆగిపోయింది. హరిలాల్ మొహం చిన్నబోయింది. "ఏందమ్మా, మంచిది కాదా? ఆ సార్ కొడుకు దీంతోనే సీటు కొట్టిండట."

"మంచిదే కాకా. పుస్తకాలు చాలు నాకు. నువ్వు కావాలె." గంటలో నలభై ఐదు ప్రశ్నలు అవ్వాలని, ఒక్కదాని దగ్గరే తను నాటుకుపోతోందని, టైము కాగానే కాగితం లాక్కునే మనిషి కావాలని చెప్పింది.

"నాకు అక్షరం ముక్క రాదు గదనే."

"గడియారం చూడొస్తది గదా!"

మర్నాటి నుంచి జీపు తీసేముందు రోజూ గంటసేపు ఆమె ఎదుట కూర్చున్నాడు. మొదటి రోజు గంట అయ్యేసరికి ఇంకా పదకొండు ప్రశ్నలున్నాయి. "రెండే నిమిషాలు కాకా, దండం వెడత," అని బతిమాలింది. జన్మలో ఎవరికీ కాదని చెప్పని హరిలాల్ కాగితం గుంజుకున్నాడు.

"ఆడ పరీక్ష కాడ నేనుండ బిడ్డా. ఏడ్చేదుంటె ఈడనే ఏడ్చెయ్."

నిజంగానే ఏడ్చింది. ఆయన కాగితం ఇవ్వలేదు. రెండో వారానికి ఆ పదకొండు ఆరయ్యాయి, నాలుగో వారానికి రెండు. ఏడుపు ఎప్పుడో మానేసింది.

సర్కారు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది తర్వాత, కౌన్సెలింగ్ అయ్యాక. హరిలాల్‌కు మాత్రం అది పరీక్ష రోజే, ఖమ్మంలో సెంటరు గేటు బయటే తేలిపోయింది. ఐదింటికి పిల్లలు బయటికొస్తుంటే తల్లిదండ్రులంతా ఎట్లా రాశావు, ఎట్లా రాశావు అని చుట్టుముడుతున్నారు. ఆయన అదేమీ అడగలేదు.

"ఫిజిక్సుల ఎన్ని మిగిలినయ్?"

"ప్రశ్న ఒక్కటి గూడ మిగల్లే కాకా. తొమ్మిది నిమిషాలు మిగిలినయ్."

హరిలాల్ అక్కడే రోడ్డు పక్కన చతికిలబడి, అంతమంది చూస్తుండగా చంటిపిల్లాడిలా ఏడ్చాడు.