ఊడ్చిన జాగ

ఏటూరునాగారం అడవిలోని మా కోయగూడెంలో ఇప్పచెట్టు కింద ఎవరు ఊడిస్తే పూలు వాళ్లవి. మా చిలుకమ్మ పెద్దమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి ఒకే చెట్టు కింద ఊడుస్తోంది. ఈ ఎండాకాలం, బొగ్గు గని కోసం గూడెం ఖాళీ చేయమంటూ వచ్చిన ఆఫీసరు అక్కడే ఎర్రజెండా పాతాడు.

"ఈ జాగ ఇప్పుడు కంపెనీదమ్మా. మీకు కాలనీల ఇండ్లిస్తున్నం గదా!"

"కంపెనీదా? అయితే ఊడ్చు బిడ్డా," అని పెద్దమ్మ చీపురు చాపింది. "జర వంగు, నడుమేం ఇరుగదు తియ్."

మేమంతా నవ్వాం. మర్నాడు పోలీసులను వెంటేసుకొచ్చి చెట్టు కోయించాడు, సిగ్గులేనివాడు. ఒక ముసలిదాని చీపురుకు ఇంత భయం!

పెద్దమ్మ ఏడవలేదు. రంపపు పొట్టు కుప్పగా ఊడ్చి, ఎర్రజెండా పీకి దాని మీద వేసి, అగ్గి పెట్టింది. ఊడ్చిన నేల మీద కూర్చుంది.

"ఊడ్చిన. ఇది నాదే," అంది.