కండక్టర్ ఆనందం సందేహాలు

ఆనందం గారికి పెద్దపేగు క్యాన్సర్ అని రిపోర్టులో రాసుంది. నన్నడిగితే ఆయనకు అంతకంటే ముదిరిన జబ్బు ఇంకోటి ఉంది: సందేహాలు. ఆపరేషన్ అయ్యాక పదిహేను రోజులకొకసారి కీమో కోసం కర్నూలులోని మా ఆసుపత్రికి వచ్చేవారు. డాక్టర్ తనూజ గారి ముందు కూర్చుని ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారంటే, బయట బెంచీల మీద జనం ఎదురుచూడాల్సిందే. లోపల నర్సుగా నేను పళ్ళు నూరుకోవాల్సిందే.

ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన గొంతు. రహస్యంగా అడిగినా వరండా చివరిదాకా వినబడేది.

"డాక్టరమ్మా, గడ్డను కోసి పారేస్తిరి గదా. ఇంక ఈ మందెందుకు?"

"గడ్డ పోయింది ఆనందం గారూ. కానీ అంతకుముందే దాంట్లోంచి నాలుగు కణాలు ఊడి, రక్తంలో కొట్టుకుపోయి, ఏ లివరులోనో దిగి ఉండొచ్చు. అవి స్కానింగుకు కనబడవు. వాటి కోసమే మందు."

"టికెట్ లేకుండా ఎక్కి నడిమధ్యలో దిగిపోయినారన్నమాట! మరి ఒంట్లో చెకింగోళ్ళు ఉంటారు గదా, వాళ్ళేం చేస్తాండారు?"

"తెల్లకణాలా? ఈ దొంగ కణాలు 'మేమూ మీవాళ్ళమే' అని నమ్మిస్తాయి. తెల్లకణాలు నమ్మి వదిలేస్తాయి."

"దొంగ పాసు!" అని ఆయన కుర్చీలోంచి సగం లేచారు. సర్వీసులో పట్టుకున్న దొంగ పాసులన్నీ గుర్తొచ్చాయి. అవి చెప్పడానికి ఇంకో పది నిమిషాలు.

ఇంతవరకైతే ఓర్చుకునేదాన్ని. రానురాను ఆయన ప్రశ్నలు దారి తప్పాయి. ఒకరోజు, "రాలిన జుట్టు మళ్ళీ వస్తాదా?" అన్నారు. ఆయన తల ఇరవై ఏళ్ళుగా అద్దంలా మెరుస్తోంది.

తనూజ గారికి సహనం ఎక్కువ. "గబగబా పెరిగే కణాలను ఈ మందులు చంపుతాయి. క్యాన్సర్ కణాలూ అలాంటివే, జుట్టు కుదుళ్ళూ అలాంటివే. మందు ఆపాక కుదుళ్ళు తేరుకుంటాయి. జుట్టు వస్తుంది."

"రొమ్ములో గడ్డకు సూది గుచ్చి ముక్క తీస్తే, జబ్బు ఒళ్ళంతా పాకుతాదంట గదా?"

"పాకదు. ఆ భయం పెట్టుకోకూడదు. అయినా మీది పేగు కదండీ!"

"ఊరికే అడుగుతాండా తల్లీ."

ఊరికే! బయట నలభై మంది కూర్చునుంటే ఊరికే!

ఆరో విడత రోజున నా ఓపిక నశించింది. ఆయన గొంతు సవరించుకుని, "డాక్టరమ్మా, ఈ మందులు పడినాక పిల్లలు పుడతారా?" అన్నారు.

పక్కనున్న ఆయన భార్య జ్ఞానమణమ్మ చేతిలోంచి మందుల సంచి జారి కిందపడింది. "ఏమయ్యా, నీకు అరవై నాలుగు, నాకు అరవై. ఎవురితో కనల్లనుకుంటాండావు?"

"నువ్వుండు జ్ఞానం. మగోళ్ళ సంగతి వద్దులే తల్లీ, ఆడోళ్ళకైతే ఎట్ల?"

"ఓ ఏసయ్యా!" అని జ్ఞానమణమ్మ కళ్ళు మూసుకున్నారు.

తనూజ గారు నవ్వు ఆపుకుని చెప్పారు. "కొన్ని మందులు అండాశయాన్ని దెబ్బతీస్తాయి. అందరికీ అలా కాదు. కాపాడుకునే దారులు కూడా ఉన్నాయి. కాకపోతే మందు మొదలుపెట్టకముందే మాకు చెప్పాలి."

"ముందే!" అంటూ ఆయన లేచి గబగబా బయటికి నడిచారు. ఈరోజు అటో ఇటో తేల్చేద్దామని నేనూ వెనకాలే వెళ్ళాను.

వరండా చివర హనుమంతమ్మ కూర్చునుంది. కోసిగి నుంచి వచ్చిన అమ్మాయి, పెళ్ళయి ఏడాది. మెడలోని లింఫు గ్రంథుల్లో క్యాన్సర్, మందులకు బాగా లొంగే రకం. కానీ ఆ పొద్దున మొదటి మందు ఎక్కించుకోనని, రిపోర్టులు ఇచ్చేస్తే ఊరికి పోతానని పట్టుపట్టింది. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు.

ఆనందం గారు ఆమె ముందు గొంతుకూర్చున్నారు. "వింటివి గదా తల్లీ. ముందే చెప్పల్లంట. పా, చెప్దాం."

"నాకు సిగ్గయితాది పెద్దాయనా."

"సిగ్గంతా నేనే పడితి గదా. ఇంక నీకేం మిగల్లేదు, పా."

పక్క బెంచీ మీది భీమక్క తలగుడ్డ సర్దుకుంటూ, "అన్నా, ఆ సూది సంగతి నువ్వు అడిగినాకనే నాకు నిద్ర పట్టింది" అంది.

అప్పటిగ్గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. జుట్టు ప్రశ్నా, సూది ప్రశ్నా ఆయనవి కావు. నన్ను చూసి ఆయన తప్పు చేసినవాడిలా లేచి నిలబడ్డారు.

"బస్సులో శానామందిని చూసినా సిస్టరమ్మా. ఈ బస్సు మా ఊరికి పోతాదా అని అడిగేదానికి బెదిరి, ఊరు దాటినాక ఏడ్చేటోళ్ళు. అందుకే..."

హనుమంతమ్మ ఆరోజు ఊరికి పోలేదు. తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాకే ఆమెకు మందు మొదలైంది.

విషయం తెలిశాక తనూజ గారు కొత్త పద్ధతి పెట్టారు. కీమోకు ముందు అరగంట అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి సందేహం వాళ్ళనే అడగమన్నారు. ఆనందం గారు నోరు తెరవకూడదని జ్ఞానమణమ్మ ఒట్టు వేయించుకున్నారు. మొదట హనుమంతమ్మ అడిగింది. ఆ తర్వాత గేట్లు ఎత్తినట్టే! అరగంట కాస్తా గంటన్నర అయింది. నా భోజనం గంగలో కలిసింది.

చివర్లో తనూజ గారు అడిగారు. "ఆనందం గారూ, ఇన్నాళ్ళూ అందరివీ అడిగారు. మీదంటూ ఒక్కటైనా లేదా?"

ఆయన భార్య వైపు చూశారు. ఆమె తల ఊపారు.

"చిన్నదొకటి ఉండాది తల్లీ. వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటాండాయి. చల్లనీళ్ళు ముట్టుకుంటే ముళ్ళు గుచ్చుతాండాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెలన్నర."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వచ్చిన ప్రతిసారీ ఏమైనా ఇబ్బందా అని అడిగాను కదా! నాకేం, బాగుండా అన్నారే!"

"జనాలవే అయిపోలేదు గదమ్మా, నాదెప్పుడు అడిగేది?"

మందు నరాలను తాకినందువల్ల అలా అవుతోందని చెప్పి, తనూజ గారు అప్పటికప్పుడు మోతాదు తగ్గించి రాశారు. జ్ఞానమణమ్మ మాత్రం నోటిమీద చెయ్యి వేసుకున్నారు.

"నెలన్నర నుంచి చొక్కా గుండీలు నాతోనే పెట్టించుకుంటాండాడు తల్లీ. ముసలితనంలో నామీద ప్రేమ ఎక్కువైందేమో అనుకుంటి!"

హాలంతా ఘొల్లుమంది. ఆనందం గారి బోడితల కూడా ఎర్రబడింది.

కీమో పూర్తయి ఏడాది దాటింది. పరీక్షలకు వచ్చినప్పుడు చూస్తే తిమ్మిరి చాలావరకు తగ్గింది. గుండీలు మాత్రం ఇంకా జ్ఞానమణమ్మే పెడుతున్నారు.