శుభలేఖల మధ్య డిస్కు

రాజేంద్రనగర్‌లో ఉండే చిన్నాన్న మొహం చూడటం ఇష్టం లేకే, నానమ్మ పాటల డిస్కును శంషాబాద్ నుంచి పోస్టులో పంపాను. ఆయన కోసం అట్టపెట్టె కొనడం కూడా దండగే. నా పెళ్లికి కొట్టించగా మిగిలిన మందపాటి శుభలేఖలు రెండు తీసి, మధ్యలో డిస్కు పెట్టి, గట్టిగా టేపు చుట్టాను. విరిగే ప్రసక్తే లేదు.

కవరు చింపగానే బంగారు రంగు వినాయకుడు కనబడ్డాడట. వెంటనే ఫోన్ చేసి నా మీద అరిచాడు.

"పెండ్లికార్డు పోస్టుల పంపుతవా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచే తెలివి లేదా? చెత్తబండిల పడేసిన!"

"లోపల మీ అమ్మ పాడిన పాటలున్నయి. జర విప్పి చూస్తే ఏం పోతుండె?"



కార్డు ఎవరిదో కూడా చదవలేదు. నా పెళ్లికి మా అమ్మే చిన్నాన్న ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి మరీ పిలిచింది. అప్పుడూ ఈ పెద్దమనిషి రాలేదు.