దించక్క గొంతు

"నీకు జీతమిచ్చేది ఎత్తించడానికా, దించడానికా?" అని జిమ్ యజమాని ఆమెను బరువులెత్తడం నేర్పే పనిలో చేరిన వారంలోనే అడిగాడు.

"దించడానికే. మొయ్యడం గాడిదకీ వచ్చు," అంది ఆమె.

ఆ రోజు నుంచి ఆమె పేరు దించక్క. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

జిమ్ టైర్ల దుకాణం కింద సెల్లార్‌లో ఉంది. పైన టైర్లు దొర్లిస్తే కింద గోడ అద్దం గజగజలాడేది. ఎత్తేవాళ్ళంతా ఆ అద్దంలో తమ కండలు చూసుకునేవాళ్ళు. దించక్క పక్కన నిలబడి వాళ్ళ మడమలు చూసేది. బరువు మించితే మొహం అబద్ధమాడుతుంది, మడమకి ఆ తెలివి లేదు. మడమ నేల విడిచిందా, "దించు" అనేది. కొత్తవాళ్ళకి మెల్లగా, పాతవాళ్ళకి చురకలా; బనియన్ చేతులు కత్తిరించుకొచ్చే కుర్రాళ్ళకి మాత్రం, "దించు నాయనా, వాపు చూసి బలుపనుకోకు," అని.

ఆమెకు దండలు వెయ్యనక్కర్లేదు. నోరు మంచిది కాదు. ఫీజు ఆలస్యమైతే నలుగురి ముందే కడిగేసేది. వయసులో ఉండగా పోటీలకి తయారవుతూ, కోచ్ "ఇంకొక్కటి" అన్నాడని ఎత్తి ఎడమ భుజం పోగొట్టుకుంది. పై అరలో డబ్బా కావాలంటే ఇప్పటికీ స్టూలెక్కాలి. ఇంత తెలిసిన మనిషి, డబ్బు కనపడగానే ఆ "ఇంకొక్కటి"నే అమ్మింది.

వ్యాయామం నేర్పే యాప్ కంపెనీ నుంచి ఒక మేనేజర్ వచ్చాడు. ఫోన్‌ను గోడకి ఆనించి పెడితే చాలు, కెమెరా చూస్తుంది, లెక్కపెడుతుంది, తప్పులు చెబుతుంది, అన్నాడు. కావలసింది గొంతు.

"మీ మాట లక్ష మంది వింటారక్కా."

"నా మాట మా తమ్ముడే వినడు."

నవ్వి, సంతకం పెట్టింది. స్కూటర్‌ ఇంజిన్‌ పోయింది మరి. డబ్బులో సగం ముందు, సగం తరవాత. గోడలకి స్పాంజి అంటించిన గదిలో రెండు రోజులు కూర్చుని, నడుము వంచకు, శభాష్, ఊపిరి వదులు, దించు, అన్నీ చెప్పింది. "దించు" ఒక్కదానికే ఒక పూట పట్టింది. "ఇంకొక్కటి" దగ్గర నాలుక మొరాయించింది. స్కూటర్ గుర్తొచ్చింది, నాలుక కదిలింది.

ఫోన్‌కి కన్నుంది కాబట్టి చూపు కూడా ఉందని నమ్మించడమే ఈ వ్యాపారం. అందులో మొదట మునిగింది తమ్ముడి భార్య. ఆస్పత్రిలో ఆయా. మంచం పట్టిన రోగుల్ని లేపడం, పక్కకి తిప్పడం ఆమె పని. ఆ పనికి నడుము గట్టిపడాలని, పదిమందిలో సెల్లార్‌కి రావడానికి సిగ్గుపడి, ఇంట్లోనే యాప్ పెట్టుకుంది. నేల మీంచి బరువుల బార్ లేపుతూ నడుము పట్టేసి అక్కడే కూలబడింది. ఆస్పత్రి వాళ్ళు జీతం లేని సెలవు రాసిచ్చారు.

"నువ్వే అన్నావుగా వదినా, ఇంకొక్కటని," అంది పక్క మీంచి.

"నేనెప్పుడన్నానే?"

"ఫోన్లో. నడుము లాగుతూనే ఉంది. వదినే చూస్తోంది కదా, ఏదన్నా అయితే దించమంటుందిలే అనుకున్నా. నువ్వేమో శభాష్ అన్నావు."

"ఇంట్లో ఒక్కరోజూ అనలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది," అన్నాడు తమ్ముడు.

దించక్క చీపురుకర్ర తెచ్చి, మరదలి ఫోన్‌లో యాప్ పెట్టి, దాని ముందు నిలబడి, కావాలనే మడమలు లేపి, వీపు విల్లులా వంచి ఎత్తింది.

"శభాష్. ఇంకొక్కటి," అంది ఫోన్‌లో ఆమె గొంతు.

ఇంకా వంకరగా ఎత్తింది.

"శభాష్. ఇంకొక్కటి."

"నోర్ముయ్యి," అంది దించక్క. తన గొంతును తనే తిట్టుకోవలసిన గతి పగవాళ్ళకి కూడా వద్దు. ఎన్నిసార్లు ఎత్తినా "దించు" రాలేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. గాజు గదిలో మేనేజర్ కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"నా దించు ఏది?"

"పెట్టి చూశామక్కా. ఆ మాట వినగానే జనం యాప్ మూసేస్తున్నారు."

"దించమంటే మూసెయ్యక, నెత్తిన పెట్టుకుంటారా? ఆ మాట ఉన్నదే అందుకు."

"అది నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అక్కా. జనానికి ప్రోత్సాహం కావాలి."

ప్రోత్సాహం. ఈ మాటకి ఇన్నాళ్ళూ దండం పెట్టించుకున్నారు. నడుము విరుగుతుంటే చప్పట్లు కొట్టేవాడిని మామూలు భాషలో పోకిరి అంటారు. వాడికి గాజు గది ఉంటే ప్రోత్సాహకుడు.

"మా మరదలు మంచమెక్కింది. ఆ మాటన్నా పెట్టండి, లేదా నా గొంతన్నా తీసెయ్యండి."

"గొంతు ఒప్పందం ప్రకారం మాది. దించు కావాలంటే వచ్చే నెల ప్రీమియం ప్లాన్‌లో పెట్టే ఆలోచనుంది."

"అంటే నెలనెలా డబ్బు కట్టినవాడికే నడుముంటుందా?"

అతను నీళ్ళ సీసా ఆమె వైపు జరిపాడు. ఇంకో రెండొందల మెచ్చుకోళ్ళు రికార్డు చేస్తే మిగిలిన సగం ఆ రోజే వేస్తామన్నాడు. ఒప్పందంలో ఆ షరతు లేదు. ఆమె సీసా ముట్టలేదు, మెచ్చుకోళ్ళూ చెప్పలేదు. మెట్లు దిగుతూ అతని వంశాన్ని తలుచుకున్న మాటలు మాత్రం రికార్డు చెయ్యదగ్గవే.

మరదలు లేచి తిరగడానికి చాలా వారాలు పట్టింది. డాక్టరు సరేనన్నాక దించక్క ఆమెను సెల్లార్‌కి తీసుకెళ్ళి, ప్లేట్లు లేని ఉత్త బార్ ఇచ్చింది. కాసేపటికి మడమ లేచింది.

"దించు."

మరదలు దించలేదు.

"దించవే, నీకే చెప్పేది."

"ఆ గొంతు వింటే ఒళ్ళు బిగుసుకుపోతోంది వదినా. మాట వద్దు, చెయ్యి వెయ్యి."

దించక్క మంచి చెయ్యి ఆమె వీపు మీద వేసింది. బార్ నేలకి దిగింది. ఆ తరవాత ఆ ఇద్దరి మధ్య సాధనంతా మాట లేకుండానే సాగుతోంది. యాప్‌లో ఆమె గొంతు మాత్రం ఇప్పటికీ ఇంకొక్కటి అంటూనే ఉంది.

స్కూటర్ బాగుపడలేదు. మొదటి సగం మరదలి మందులకి పోయింది. రెండో సగం కంపెనీ ఇంకా బాకీ ఉంది.