అయస్కాంతం అంటని కారు

మా మామగారి చొక్కా జేబు ఎప్పుడూ కిందికి సాగి ఉండేది. అందులో డబ్బుండి కాదు, అయస్కాంతం ఉండి. పగిలిపోయిన ఓ పెద్ద స్పీకరులోంచి పీకిన గుండ్రటి అయస్కాంతం అది. కార్ల రంగు గీసుకుపోకుండా దానికి పాత గుడ్డ చుట్టి, దారం కట్టి పెట్టుకున్నాడు. స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప ఒంటి మీద నుంచి తీసేవాడు కాదు. ఎదురుగా ఉంటే 'మీరు' అంటాను గాని, రాసేటప్పుడు మాత్రం ఆయనకి ఈపాటి మర్యాద చాలు.

ఆయనది డెంటింగ్ షెడ్డు. గుద్దుకున్న కార్ల రేకులు సుత్తితో కొట్టి మళ్ళీ చదును చేసే పని. ఓపిక లేని డెంటర్లు రేకు కొట్టరు. సొట్టలో లప్పం నింపి, గీకి, పైన రంగు కొట్టేస్తారు. కంటికి కొత్త కారులాగే ఉంటుంది. అయస్కాంతం పెడితే మాత్రం దొంగతనం బయటపడుతుంది. రేకు ఉన్నచోట టక్కున అంటుకుంటుంది, లప్పం ఉన్నచోట జారి కిందపడుతుంది. పాత కారు కొనాలనుకున్న ప్రతివాడూ ముందు మా మామగారి దగ్గరికి వచ్చేవాడు. ఆయన సైకిలు సందు మొదట్లో కనపడితే చాలు, పాత కార్ల బేరగాళ్ళు షట్టర్లు దించేసుకునేవాళ్ళు. ఎంతోమందిని మోసపోకుండా కాపాడాడు, టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఆ గొప్ప ఆయనకి ఇవ్వాల్సిందే. ఇచ్చేశాను కాబట్టి ఇక మిగతాది చెబుతాను.

బయట కార్లతో ఆగితే సమస్య ఉండేది కాదు. ఇంట్లో తాళంకప్ప కొన్నా, కుర్చీ కొన్నా, కిటికీ చువ్వలు వేయించినా జేబులోంచి అది బయటికి రావాల్సిందే. మా పెళ్లి మాటలకి మా ఇంటికి వచ్చినప్పుడు అందరూ నన్ను చూస్తుంటే, ఆయన లేచివెళ్ళి మా నాన్న బీరువాకి అయస్కాంతం పెట్టాడు. "రేకు మంచిదే" అన్నాడు. ఆ సంబంధం గురించి ఆయన నోటి వెంట వచ్చిన అభిప్రాయం అదొక్కటే. మా నాన్న చచ్చేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంకో సంగతి ఉంది. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. జీవితమంతా రేకు మీద సుత్తి మోగించి మోగించి ఆయన చెవులు పోయాయి. ఒకప్పుడు వేలి కణుపుతో తలుపు మీద కొట్టి, ఆ మోత విని ఎక్కడ లప్పముందో చెప్పేసేవాడట. ఇప్పుడు మనం పక్కన నుంచుని అరిస్తేగాని వినపడదు. వినపడలేదని మాత్రం ఒప్పుకోడు. "గొణగకండి, నోరు తెరిచి ఏడవండి" అని మనల్నే తిడతాడు.

మా ఆయన ఆయనకి ఒక్కడే కొడుకు. నెత్తి మీద జుట్టు నెరిసినా షెడ్డులో ఇంకా "ఒరేయ్". మా ఆయన కొట్టిన రేకు మీద ఆ ముసలాయన అరచేయి రాసి, పెదవి విరిచి, సుత్తి లాక్కుని మళ్ళీ ఓ నాలుగు దెబ్బలు వేయందే ఏ కారూ గేటు దాటలేదు. అవసరముండి కాదు. ఆఖరి దెబ్బ తనదవ్వాలి, అంతే. నేను షెడ్డు ముందు భాగంలో మిషను పెట్టుకుని సీట్ కవర్లు కుడతాను. ఈ తంతు రోజూ నా కళ్ళ ముందే జరిగేది. దారం తెగేదాకా మిషను తొక్కేదాన్ని.

అలాంటి మనిషి ఓ సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఆయన సంగతి చెబుతున్నాను. ఎవరో పెద్దావిడ ఇంటికి కారు తేవడానికి వెళ్తే, పెరట్లో రేకుల పాక కింద ఇంకో కారు కనపడిందట. రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఆవిడ భర్త నడిపింది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను బిగుసుకుపోయింది, సీట్లు ఎలుకలు తినేశాయి, అడుగున చట్రం తుప్పు పట్టింది. రేపు సాయంత్రం తుక్కువాడు వచ్చి ముక్కలు చేసి పట్టుకుపోతాడు. ఎవరైనా బాగుచేసుకుంటానంటే తుక్కువాడికివ్వనని, ధర గురించి పేచీ లేదని ఆవిడ అన్నదట.

"మన షెడ్డుకి ఎదురుగా ఆ మూసేసిన షట్టరు అద్దెకి తీసుకుంటానే. ఈ కారొక్కటీ మొదటి నుంచి చివరిదాకా నా చేత్తో చేస్తాను. సీట్లు నువ్వు కుట్టు" అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆ నోటి వెంట 'నా' అనే మాట విన్నది అదే మొదలు. కొనండి, రేపే కొనండి అన్నాను.

"పొద్దున్నే నాన్నని తీసుకెళ్ళి ఓసారి చూపిద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని పిలవొద్దని మొత్తుకున్నాను. వింటేగా.

మర్నాడు పొద్దున్న ముగ్గురం వెళ్ళాం. నేలకి కరుచుకున్నట్టు ఉంది కారు. ముందు భాగం పొడుగ్గా, వెనక గుండ్రంగా. ఒకప్పుడు ఎర్రటిదట, వెలిసిపోయి ఇటుక రంగుకి వచ్చింది. బానెట్ ఎత్తబోతే ఒంటిచేత్తో లేచింది. పెద్దావిడ, ఆవిడ డ్రైవరు, ముందే చూసుకుపోదామని వచ్చిన తుక్కువాడు, అందరూ చుట్టూ చేరారు. మా మామగారు జేబులోంచి అయస్కాంతం తీసి బానెట్ మీద పెట్టాడు. జారింది. తలుపు మీద పెట్టాడు. జారింది. చక్రాల పైన, వెనక డిక్కీ మీద, ఎక్కడ పెట్టినా జారి ఆయన అరచేతిలో పడింది.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంత పెద్ద దొంగ ఆయనకి ఎన్నడూ దొరకలేదు.

"ఒరేయ్, నీ కళ్ళేమైపోయాయిరా? ఇది కారు కాదు, బొమ్మ! అసలు రేకు ఎవడో ఎప్పుడో అమ్ముకుతిన్నాడు. ఫైబరు అతికించి పైన లప్పం పూశాడు. దీన్ని బాగుచేస్తావా? దేంతో చేస్తావు, పిండి కలుపుకుని చేస్తావా?"

"మావారు చంటిపిల్లని చూసినట్టు చూసుకున్నారండీ దీన్ని" అన్నది పెద్దావిడ. "ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు."

"మీవారు మంచివారే అయ్యుంటారమ్మా. ఆయన్నెవడో మోసం చేశాడు. అయస్కాంతానికి మొహమాటం లేదు."

నేను ఊరుకోలేకపోయాను. "ఇన్నేళ్ళు కారుతున్న కప్పు కింద ఉంది మామయ్యా. అడుగున చట్రం తుప్పు పట్టింది గాని పైన ఎక్కడా చుక్క తుప్పు లేదు, చూశారా?" అని గట్టిగా అరిచాను.

"ఫైబరుకి తుప్పు పట్టదమ్మాయ్. నువ్వు కుట్టుపని చూసుకో."

డ్రైవరు నవ్వాడు. తుక్కువాడు ఇంకా గట్టిగా నవ్వాడు, వాడికి బేరం దక్కింది మరి. మా ఆయన వంగి, చక్రం పైనున్న భాగం మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టాడు. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పద నాన్నా. వద్దులే" అన్నాడు.

ఇంటికి వచ్చి మామగారు స్నానానికి వెళ్ళాడు. అయస్కాంతం పొయ్యి గట్టు మీద పెట్టిపోయాడు. వచ్చేసరికి టీ సిద్ధంగా ఉండాలి, అదీ సత్తు గిన్నెలోనే కాచాలి. స్టీలు గిన్నెలో కాచితే నీళ్ళ రుచి వస్తుందని పేచీ. పళ్ళు నూరుకుంటూ, కాగిన టీ గిన్నె దించి, అడ్డంగా ఉందని ఆ అయస్కాంతాన్ని తోసేశాను. అది గిన్నెకి తగిలి, అంటకుండా దొర్లిపోయి, పొయ్యి ఇనప కాళ్ళకి టక్కున కరుచుకుంది.

నేను దాన్ని పీకి గిన్నెకి పెట్టాను. జారింది. మళ్ళీ పెట్టాను. ఒంటిచేత్తో లేచిన బానెట్, ఎక్కడా లేని తుప్పు, అన్నీ ఒక్కసారి బుర్రలోకి వచ్చాయి. అది ఫైబరూ కాదు, లప్పమూ కాదు. మన సత్తు గిన్నెలాగే ఆ కారుది సత్తు రేకు, అల్యూమినియం.

టీ అక్కడే వదిలేసి షెడ్డుకి పరుగెత్తాను. మా ఆయన ఎవరిదో బంపరు విప్పుతున్నాడు. ఆయాసంతో అంతా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కొట్టి చూశాను కదా. గంటలా మోగింది. లప్పం అలా మోగదు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారు అక్కడ?"

"ఆ మోత నాన్నకి వినపడలేదే. వినపడుంటే ఆయనకే తెలిసేది. నలుగురి ముందు నీకు చెవులు లేవని ఎలా చెప్పను? ఆయనకున్నది ఆ అయస్కాంతమొక్కటే. అదీ తీసేస్తే ఏం మిగులుతుంది?"

"మనకేం మిగిలిందో అది చెప్పండి ముందు!"

ఆయన మళ్ళీ బంపరు మీదకి వంగాడు. "వదిలెయ్. ఆయనకి మాత్రం చెప్పకు" అన్నాడు. ఆ నిమిషంలో నాకు మామగారి కంటే మొగుడి మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఒకాయన తెలియక కాలదన్నాడు, ఇంకొకాయన తెలిసి కాలదన్నాడు. సాయంత్రానికి ఆ కారు ముక్కలవుతుంది. ఈయన మళ్ళీ తలవంచుకుని ఆఖరి దెబ్బ కోసం ఎదురుచూస్తూ రిటైరవుతాడు.

ఇంటికి వచ్చేసరికి మామగారు టీ ఏదని ఒంటికాలి మీద లేస్తున్నాడు. గ్లాసు ఇవ్వలేదు. గిన్నె తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పెట్టాను, పక్కన అయస్కాంతం పెట్టాను.

"ఏంటిది?"

"పెట్టి చూడండి."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఇంట్లో అన్నిటికీ పెట్టారుగా. దీనికీ పెట్టండి."

విసురుగా పెట్టాడు. జారింది. ఏదో అనబోయి ఆగాడు. మళ్ళీ పెట్టాడు, ఇంకో పక్క పెట్టాడు. గిన్నెని చేత్తో ఎత్తి బరువు చూశాడు. ఆ చూడ్డంలో టీ ఒలికి లుంగీ మీద పడింది. వేడిగా ఉన్నా కదల్లేదు.

"వంటింటి గిన్నెకీ కారుకీ పోలికేంటి" అన్నాడు గాని, ఆ గొంతులో పస లేదు. గిన్నె దించేసి నా ముఖంలోకి చూశాడు.

"వాడికి తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. ఆ మాటతో ఇంట్లో అందరం చల్లగా ఉండేవాళ్ళం. నేను చెప్పలేదు. నాకు ఆయన్ని కొట్టాలని ఉంది. చేతికి దొరికింది అదే.

"అక్కడే తెలుసు. కొట్టి విన్నారు. మీకు వినపడలేదని, నలుగురిలో మీ పరువు పోతుందని ఊరుకున్నారు."

దెబ్బ తగిలింది. నేననుకున్న దానికంటే లోతుగా తగిలింది. 

"నన్ను తిట్టినవాళ్ళున్నారు. కొట్టడానికొచ్చినవాళ్ళున్నారు. నా మీద జాలిపడ్డవాడు ఇంతవరకూ లేడు" అన్నాడు. "నా ఇంట్లోనే తయారయ్యాడా వాడు?"

లుంగీ కూడా మార్చుకోకుండా లేచాడు. షెడ్డుకి వెళ్ళి "నడువు" అని ఒక్క మాట అని, కొడుకుని వెంటబెట్టుకుని పెద్దావిడ ఇంటికి బయల్దేరాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. తుక్కువాడు సాయంత్రం దాకా ఆగకుండా అప్పటికే బండి తెచ్చి, కారు ముందు భాగానికి తాడు కడుతున్నాడు.

"తాడు విప్పు" అన్నాడు మామగారు. తర్వాత పెద్దావిడ వైపు తిరిగి, డ్రైవరు వినేలా, తుక్కువాడు వినేలా, పక్కింటి గోడ మీద నుంచి తొంగిచూసేవాళ్ళు వినేలా అరిచాడు. "అమ్మా, పొద్దున నేను వాగింది తప్పు. మీ ఆయన్ని ఎవడూ మోసం చెయ్యలేదు. ఇది సత్తు రేకు. నాకు తెలియలేదు. కొట్టి చూస్తే తెలిసేది, నాకు చెవులు పనిచెయ్యవు. ఇదిగో, వీడికి పనిచేస్తాయి. వీడు కొంటాడు."

డ్రైవరు ఈసారి నవ్వలేదు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. మా ఆయన "నాన్నా" అంటూ ఓ అడుగు ముందుకి వేశాడు.

"ఆగు" అన్నాడాయన. "కారు కొనుక్కో. కానీ అది నా షెడ్డులోకి రాకూడదు, నువ్వూ రాకూడదు. పక్కవాడు తప్పు కొడుతుంటే తెలిసీ నోరు మూసుకునేవాడు నా దగ్గర పనికిరాడు. అది కొడుకైనా సరే."

వెనక్కి తిరిగి ఒక్కడే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయన తాడు చేత్తో పట్టుకుని అక్కడే నుంచున్నాడు. కావలసింది దొరికింది కదా, ఇంకా ఏడుపెందుకని కసిరాను. 

ఇప్పుడు రోడ్డుకి అటు ఒక షెడ్డు, ఇటు ఒక షెడ్డు. కారు సగానికి వచ్చింది. సత్తు మెత్తన, గట్టిగా కొడితే సాగిపోతుందని మా ఆయన కర్ర సుత్తి చేయించుకున్నాడు. సీట్లు నేనే కుట్టాను. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే గిన్నెలో టీ కాస్తాను, రెండు షెడ్లకీ నేనే పట్టుకెళతాను. తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. ఆ రోజు అబద్ధం చెప్పి ఉంటే ఎలా ఉండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. చెప్పనందుకు మాత్రం నాకు బాధలేదు.

మొన్న ఒకతను పాత కారు వేసుకుని మా షట్టరు ముందు ఆగాడు.

"ఎదురు షెడ్డులో పెద్దాయన పంపించారండీ. అయస్కాంతం పెట్టి చూశారు. ఇక కొట్టి వినాలి, ఆ పని నాది కాదు, అటు తీసుకెళ్ళమన్నారు."

మా ఆయన చేతిలో సుత్తి ఆగిపోయింది. "ఏమన్నారు సరిగ్గా? మావాడి దగ్గరికి వెళ్ళమన్నారా?"

"లేదండీ" అన్నాడతను. "ఎదురు షెడ్డాయన దగ్గరికి వెళ్ళమన్నారు. ఆయనకి చెవులున్నాయన్నారు."

'ఒరేయ్' కాదు, 'ఆయన'. జీవితమంతా ఆ మాట కోసమే చూశాడు మా ఆయన. రోడ్డవతల మామగారు మా వైపు వీపు పెట్టి ఎవరిదో రేకు కొట్టుకుంటున్నాడు. ఈయన అటు కాసేపు చూసి, సుత్తి కిందపెట్టి, వంగి ఆ కారు తలుపు మీద వేలి కణుపుతో కొట్టాడు. చాలాసేపు వింటున్నట్టు తల దించుకునే ఉన్నాడు.