కబడ్డీ మట్టి

మా చేను పోతదని నోటీసు వచ్చిన నాడు నా బిడ్డ అడిగిన మొదటి మాట, "అమ్మీ, మరి మేమెక్కడ ఆడాలె?"

ఎకరం చిల్లర చేను మాది, ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల దిక్కు పోయే తొవ్వల. ఒక మూలకు బోరు, బోరు పక్కన ఆడపిల్లల కబడ్డీ కోర్టు. స్కూలు గ్రౌండు మగపిల్లల క్రికెట్‌తోని ఎన్నడు ఖాళీ ఉండది. అందుకే మూడేండ్ల కింద నా బిడ్డ, దాని దోస్తులు ఆరేడుగురు మా చేన్లకు వచ్చిండ్రు. వానకాలమంత చుట్టూ కంది నిలువెత్తు పెరిగి, తొవ్వల పోయేటోళ్ల కండ్లు పడకుండ ఉండేది. అల్లా కట్టిచ్చిన గోడ అనుకునేదాన్ని.

ఇంట్లనే మా అబ్బా దగ్గర పలక పట్టి చదువుకున్నదాన్ని, ఆటలు నాకు తెల్వవు. మట్టి మాత్రం తెలుసు. ఎర్రమట్టి జల్లెడ పట్టి, వరి ఊక కలిపి, జరంత పసుపు చల్లి, వారానికోసారి పారతోని తిరగేసేదాన్ని. మూడేండ్లకు ఆ మట్టి పరుపు లెక్కయింది. పిల్లలు ధబ్బున పడి నవ్వుకుంట లేచేటోళ్లు.

ఇప్పుడు ఆ చేన్లల్ల పెద్ద స్టేడియం వస్తదన్నరు. మా ఊరు ఇగ ఊరు కాదు, కొత్త నగరంల కలిసింది. చాయ్ హోటల్ కాడ పోరగాండ్లు హైదరాబాద్ క్రికెట్ టీము టీషర్టులేసుకొని, "మన టీము మ్యాచులు మనింటి ముంగటనే" అని ఒకటే సంబురం. వాళ్ల సంబురాన్ని నేను తప్పు పట్టలే. మా ఇంటాయన మాత్రం రెండు దినాలు సక్కగ అన్నం తినలే. తర్వాత చేనుకు బదులు లేఅవుట్ల ఒక ప్లాటు చేతికొచ్చింది. అది కూడ దొరకనోళ్లు ఉన్నరు, మాకు దొరికింది, అల్లాకు షుకర్. ఆయన అండ్ల ఇల్లు మొదలువెడ్తనన్నడు.

కని జిల్లా సెలక్షన్లు వచ్చే నెలలనే. చేను పోతే పిల్లలకు ఆడే జాగ ఉండది.

బోరుకు, చెట్లకు పరిహారం లెక్క కట్టనీకి సర్వేయర్ టేపు పట్టుకొని వచ్చిన రోజు మేమంత చేన్లనే ఉన్నం. బోరు రాసుకున్నడు, పైపులైను రాసుకున్నడు, రెండు వేపచెట్లు రాసుకున్నడు.

"సారూ, ఈ మట్టి?" అనడిగిన.

"ఏ మట్టమ్మా?"

"పిల్లలాడే మట్టి."

కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "చెట్టుకు గడి ఉంది, బోరుకు గడి ఉంది. మట్టికి గడి లేదు."

"గడి లేదంటే మాదే కద?"

ఆయన నవ్విండు. "స్టేడియం అయితే మీ పిల్లలు మ్యాట్ మీద ఆడ్తరమ్మా. ఈ మట్టి దేనికి?"

పిల్లలల్ల ఒకతి ఊకుంటదా? "సార్, అది అయ్యేటాళ్లకు మేం పిల్లల తల్లులమైతం!"

సర్వేయర్ టేపు చుట్టుకుంట, "హద్దురాళ్లు ఎల్లుండి పాతుతం. ఈలోపట ఎత్తుకపోతే నన్నడిగేటోడు లేడు" అని పోయిండు.

ఆ రోజే ట్రాక్టరు పిలిచినం. పిల్లలు తట్టలతోని మోసిండ్రు. లేఅవుట్ల మా ప్లాటంత మొరం, చెప్పులు లేకుంటే అడుగు పెట్టలేం. కొలిస్తే కోర్టు సరిగ్గ పట్టింది, గీత అవతల జానెడు మిగల్లే. మా ఇంటాయన "సెలక్షన్ల దాంక ఆడుకోండ్రి, తర్వాత బేస్‌మెంట్" అన్నడు. మట్టి పోసి ఇంటికొచ్చినం.

తెల్లారి మాకెవ్వరికి చెప్పకుండ మా అత్తమ్మ ప్లాటుకు పోయింది. ఆమె ఎన్నడు కబడ్డీ చూసింది లేదు. జల్లెడ పట్టిన మట్టి సాపుగ పోసి ఉంటే ఆమెకు తెలిసింది ఒక్కటే పని. ఇద్దరు కూలోళ్లను పెట్టి, పేడనీళ్లు చల్లిచ్చి, దిమ్మిసతోని కొట్టిచ్చి, అద్దం లెక్క అలికిచ్చింది. సాయంత్రం పిల్లలొస్తే, "చూడుండ్రి! గింజ పోస్తే ఒక్కటి మట్టిల కలువది" అని నడుము మీద చెయ్యేసుకొని నిలబడ్డది.

నా బిడ్డ కూతకు ఉరికింది, కాలు జారింది, రెండు మోకాళ్లు గీసుకపోయినయి.

"దాదీ! కల్లం చేసినవ్ కదనే!"

"మరేం చెయ్యమన్నవే? వడ్లే లేవు కద, కల్లమెందుకని పొద్దటి సంది నేను గూడ అనుకుంటనే ఉన్న!"

పిల్లలు కడుపులు పట్టుకొని నవ్విండ్రు. మోకాలు కడుక్కుంట నా బిడ్డ గూడ నవ్వింది. సెలక్షన్లు ఇంక మూడు వారాలే. బిస్మిల్లా అని గడ్డపార ఎత్తిన. అది కల్లం కాదు, సిమెంటే. అత్తమ్మ కొద్దిసేపు మూతి ముడుచుకొని కూసున్నది. తర్వాత లేచొచ్చి, "ఆ పార ఇటియ్యి. నేను గట్టిగ చేసింది మీతోని పగులుతదా?" అన్నది. నాలుగు దినాలు పట్టింది మాకు. మిల్లుకు పోయి కొత్త ఊక తెచ్చి కలిపినం. ఐదో నాడు పిల్లలు పడ్డరు, లేచిండ్రు, దెబ్బ తాకలే. ఆ నాడు అసర్ నమాజుల నేనేం అడగలే, షుకర్ ఒక్కటే చెప్పుకున్న.

సెలక్షన్లకు పోతే, పేర్లు రాసుకునే మేడమ్ ఊరి గడిల కొత్త నగరం పేరు రాసింది. నా బిడ్డ ఊరి పేరు రాయమన్నది.

"ఇప్పుడు రెండు ఒకటే కదమ్మా."

"ఒకటే అయితే రెండు రాయుండ్రి మేడమ్. జాగ ఉంది."

రాసింది. మా ప్లాటు మీద ఆడిన పిల్లలల్ల ఇద్దరికి జిల్లా టీముల చోటు దొరికింది, అండ్ల ఒకతి నా బిడ్డ.

మొన్న పక్క ప్లాటాయన మా ఇంటాయనను అడిగిండు, "సెలక్షన్లు అయిపోయినయ్ కద, బేస్‌మెంట్ ఎప్పుడు పోస్తవ్?"

మా ఇంటాయన నీళ్ల పైపు పట్టుకొని కోర్టు తడుపుతున్నడు. తల ఎత్తకుండనే, "జర పక్కకు జరుగన్నా, పిల్లలొచ్చే టైమయింది" అన్నడు.