కిష్టమ్మ వదిలేసిన గడ్డి

కిష్టమ్మకు రోత ఎక్కువ. ఎవరింట్లోనైనా టీ ఇస్తే కప్పు వాసన చూసి గానీ నోట పెట్టదు. పొద్దున పనికి వచ్చేటప్పుడు గేటు పక్కనున్న కుళాయి కింద చెప్పుల అడుగులు కడుక్కుని మరీ లోపలికి వస్తుంది. రోజంతా మట్టిలో తిరిగే మనిషికి ఇంత చాదస్తమేమిటని మా విల్లాల్లో నవ్వేవాళ్లున్నారు. నేను చెప్పబోయేది ఆ నవ్వేవాళ్ల కుక్కల గురించి కూడా.

మాదాపూర్ నుంచి రాయదుర్గం మెట్రో వైపు పోయే దారిలో, అద్దాల ఆఫీసుల వెనక ఉంటాయి మా విల్లాలు. మధ్యలో పెద్ద పచ్చిక ఉంది. ఇళ్లు అమ్మేటప్పుడు కాగితం మీద అచ్చేసిన బొమ్మలో ఆ పచ్చిక మీద పిల్లలు బోర్లా పడుకుని పుస్తకాలు చదువుతుంటారు. ఇక్కడికొచ్చాక ఒక్క పిల్లవాడు కూడా దాని మీద కూర్చోగా నేను చూడలేదు. నేనూ పుస్తకం పట్టుకుని బెంచీ మీదే కూర్చుంటాను, కాళ్లు పైకి పెట్టుకుని.

ఆ పచ్చిక కోయడం కిష్టమ్మ పని. ఆమెది ఖానామెట్. భర్త లింగమూర్తి ఆటో నడిపేవాడు, నడుము పట్టేశాక మానేశాడు. సాయంత్రమైతే ఇద్దరూ మాదాపూర్ హాస్టళ్ల సందులో బండి పెట్టి జొన్నరొట్టెలు అమ్ముతారు. అతను పొయ్యి చూసుకుంటాడు, ఆమె రొట్టె తడుతుంది. కొనేది హాస్టల్ పిల్లలు. రొట్టె గుండ్రంగా వచ్చిందా లేదా అని కాదు, తట్టే చెయ్యి ఎట్లా ఉందా అని చూస్తారు. పొద్దున ఆ చేతి మీద, ఆ ఒంటి మీద ఏం పడిందో వాళ్లకు తెలిసిన రోజున బండి మూసుకోవడమే. కిష్టమ్మ భయమంతా అదే.

పడేదేమిటో చెప్పాలి. గడ్డి కోసే మిషన్ అంటే ఒక పొడుగాటి గొట్టం, దాని చివర గిర్రున తిరిగే నైలాన్ తీగ. ఆ తీగ దేనికి తగిలితే దాన్ని ఎగరగొడుతుంది. గడ్డిని, రాళ్లను, అన్నిటినీ. మనిషి మీదికి రాకుండా తీగ వెనక ఒక ప్లాస్టిక్ తడక ఉంటుంది. మా పాత మిషన్‌కు అది విరిగిపోయి చాలా కాలమైంది. కొత్తది వేయించమని కిష్టమ్మ అడగని నెల లేదు.

ఇక కుక్కలు. తెల్లవారగానే యజమానులు వాటిని తోలుకుని పచ్చిక మీదికి వస్తారు. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో ఫోను. కుక్క కూర్చోగానే యజమాని తలెత్తి ఆకాశం చూస్తాడు. ఆ కాసేపు ఆకాశం మీద ఉండే శ్రద్ధ నేను మరే మనిషిలోనూ చూడలేదు. కుక్క లేచాక ఆకాశంతో పని అయిపోతుంది, ఇద్దరూ వెళ్లిపోతారు. సంచి తెచ్చి ఎత్తుకుపోయే ఇల్లు ఒకటో రెండో.

గడ్డి కోయాల్సింది సరిగ్గా ఆ తర్వాతే. ఎండెక్కితే అందరికీ ఇంటి నుంచే ఆఫీసు కాల్స్ మొదలవుతాయి, మిషన్ చప్పుడు పనికిరాదు. అందుకని పచ్చిక మీద అంతా తాజాగా ఉన్నప్పుడే ఆమె మిషన్ ఎత్తుకోవాలి. మొహానికి తువ్వాలు, కాళ్లకు యూరియా సంచులు చుట్టుకునేది. అయినా పడేది. పని అయ్యాక పంపు గది వెనక పైపు పట్టుకుని చీరతోనే ఒళ్లు తడుపుకునేది. క్లబ్ హౌస్‌లో స్నానాల గది ఉంది గానీ అది ఈత కొట్టేవాళ్లకు. ఒకసారి బండి దగ్గర ఎవరో అమ్మాయి, ఏదో వాసన వస్తోంది ఆంటీ, అన్నదట. పక్కన మురికి కాలవ వాసన అది. కిష్టమ్మ మాత్రం ఆ పూట పిండి మొత్తం పారబోసి ఇంటికి పోయింది.

వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగే సమయానికి పాత మిషన్ ఆగిపోయింది. కొత్తది ఎంచడానికి క్లబ్ హౌస్‌లో మీటింగ్ పెట్టారు. ప్రెసిడెంటు రంగనాథ్ గారిది ప్రొద్దుటూరు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాడని ఆయనకు కూడా తెలుసు, అదే ఇబ్బంది. సెక్రటరీ ప్రశాంత్ ఏదో కంపెనీలో మేనేజరు. మంచు దేశపు కుక్కను తెచ్చి ఏసీ గదిలో పెంచుతున్నాడు.

నమ్మకంగా పనిచేసే మిషన్ ఏదని చాలాసేపు చర్చ నడిచింది. ఫోన్లలో దేనికి ఎన్ని నక్షత్రాలొచ్చాయో చదివారు. పెట్రోలుదైతే బలం, కానీ రొద. బ్యాటరీదైతే తేలిక, చప్పుడు ఉండదు. మొన్న క్లయింటుతో మాట్లాడుతుంటే వెనక మిషన్ విని ఎయిర్‌పోర్టులో ఉన్నావా అని అడిగారని ఒకాయన బాధపడ్డాడు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడదామన్నారు. ఇంతలో రంగనాథ్ గారికి తలుపు దగ్గర నిలబడ్డ మనిషి కనబడింది.

"ఏమ్మా కిష్టమ్మా, నువ్వు చెప్పు. ఎట్లాంటిది కావాల నీకు?"

"సప్పుడైనా, బరువైనా నాకేం ఫికర్ లేదు సార్. నా మీదికి కొట్టనిది గావాలె. గా తడక జర పెద్దగుండాలె."

"ఓకే, డెబ్రిస్ గార్డ్. పాయింట్ నోటెడ్," అన్నాడు ప్రశాంత్.

డెబ్రిస్ అంటే శిథిలాలని అర్థం. ఆ చల్లటి హాల్లో అంతసేపు ఎవరి నోటా కుక్క పెంట అనే మాట రాలేదు. వయసు మీదపడ్డదాన్ని కదా, నేను అనేశాను. ఎవరి కుక్కది వాళ్లు ఎత్తుకుంటే తడక ఎంత ఉంటే ఏమిటండీ అన్నాను. అది వేరే సబ్జెక్టు మేడమ్, దాన్ని తీరిగ్గా ఇంకోసారి మాట్లాడుకుందాం అన్నారు రంగనాథ్ గారు. ఏదో కుళ్లింది తెరిచి చూపించినట్టు నా వంక చూశారు కొందరు.

శనివారం పొద్దున మధుకర్ అని దుకాణం అతను రెండు రకాలూ తెచ్చాడు, చూసి ఎంచుకోమని. కాఫీ కప్పులు పట్టుకుని అందరూ పచ్చిక అంచున నిలబడ్డారు.

మొదట పెట్రోలు మిషన్. భుజానికి పట్టీ, తీగ వెనక చేటంత తడక. కిష్టమ్మ దాన్ని తగిలించుకుని ఆ చివర దాకా కోసుకుంటూ పోయి వెనక్కి తిరిగింది. మిషన్ ఆపగానే ఆమె ముందు చూసుకున్నది తన కాళ్లు. చీర కుచ్చిళ్లు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గడ్డి పోచలు తప్ప ఏమీ లేదు. ఆమె నవ్వగా చూడటం నాకు అరుదు, ఆ పూట నవ్వింది.

అయితే తీగ ఎగరగొట్టింది ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. తడక కాసింది కిష్టమ్మను. మిగతా దిక్కున ఉన్నది కాఫీ కప్పులు. ప్రశాంత్ తెల్లబూట్ల మీద, రంగనాథ్ గారి ప్యాంటు మీద, పక్కింటి శిరీష కప్పులో, సరిగ్గా ఏది పడాలో అదే పడింది. శిరీష కప్పు అక్కడే వదిలేసి వాంతి వస్తోందంటూ లోపలికి పరుగెత్తింది. ప్రశాంత్ బూట్లు విప్పి దూరంగా విసిరేసి సాక్సులతో నిలబడ్డాడు. అన్‌బిలీవబుల్, అన్నాడు. తన కుక్కదేమో అన్న అనుమానం ఆ మొహంలో లేశమైనా లేదు. క్లబ్ హౌస్ స్నానాల గది తాళం తీయించారు. అందరూ కడుక్కుని సెంటు కొట్టుకుని వచ్చారు.

తర్వాత బ్యాటరీ మిషన్. సన్నగా, ముచ్చటగా ఉంది. దాని తడక అరచేతంత. నిజంగానే చప్పుడు లేదు, పిట్టల కూతలు వినిపించాయి. కిష్టమ్మ ఆ పక్క గడ్డి కోసుకుంటూ పోయి వచ్చింది. విసురు తక్కువ, చూసేవాళ్ల మీద ఒక్క చుక్క పడలేదు. ఆమె మాత్రం పాదాల నుంచి మోకాళ్ల దాకా మచ్చలు మచ్చలుగా తిరిగి వచ్చి నిలబడింది.

"ఇది చాలా సేఫ్," అన్నాడు ప్రశాంత్. అందరూ అవునన్నారు. పోల్ కూడా అవసరం పడలేదు.

నేను ఎన్నో రకాల మనుషులను చూశాను, పుస్తకాల్లోనూ చూశాను. దొంగను చూస్తే భయం వేస్తుంది, కోపిష్టిని చూస్తే జాలి వేస్తుంది. ఆ పొద్దున ఆ శుభ్రమైన మొహాలను చూస్తే మాత్రం రోత పుట్టింది. వాళ్లు ఎంచింది మిషన్‌ను కాదు. అది ఎవరి మీద పడాలో ఎంచారు. అందరి కళ్ల ముందు కళ్లు తెరుచుకునే ఎంచి, తిన్నగా టిఫిన్లకు వెళ్లిపోయారు.

కొత్త మిషన్ వచ్చింది. ఏ వస్తువు కొన్నా పూజ చేయందే వాడటం రంగనాథ్ గారికి నచ్చదు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ, కొబ్బరికాయ సిద్ధం చేశారు. పచ్చిక మీదే చేద్దామని ఎవరో అనబోతే ఆయన ఉలిక్కిపడ్డారు. చెప్పులు విప్పి నిలబడాలి, అక్కడ ఎట్లా కుదురుతుంది, మైల కదా అన్నారు. క్లబ్ హౌస్ ముందు గచ్చు కడిగించి, ముగ్గు వేయించి, పీట మీద మిషన్ పెట్టి హారతి ఇచ్చారు. కొబ్బరి చిప్ప, మిషన్ కిష్టమ్మ చేతిలో పెట్టి, ఇక మొదలుపెట్టమ్మా అన్నారు.

ఆమె చిప్ప కళ్లకద్దుకుంది. మిషన్ పట్టుకుని కొంచెంసేపు పచ్చిక వైపు చూసింది.

"దేవుని పూజకు పనికిరాని జాగ, నాకెట్ల పనికొస్తది సార్?"

గట్టిగా అనలేదు. ఆయనకు వినబడిందో లేదో, గంట వాయిస్తూనే ఉన్నారు.

ఆ రోజు నుంచి ఆమె పనిలో ఒక మార్పు వచ్చింది. పెంట కనబడిన చోట మిషన్ పక్కకు తిప్పేది. దాని చుట్టూ ఇంత దూరం వదిలి, ఆవలి గడ్డిని నున్నగా కోసుకుంటూ పోయేది. వానాకాలపు గడ్డి పెరగడానికి ఎంతసేపు. వారం తిరిగేసరికి సాఫుగా ఉన్న పచ్చిక మీద అక్కడొకటి ఇక్కడొకటి పొదల్లాగా కుచ్చులు లేచాయి. ఏ కుచ్చు కింద ఏముందో అందరికీ తెలుసు. ఏ ఇంటి ముందు కుచ్చులెక్కువో అదీ తెలిసింది. ప్రశాంత్ గేటు ఎదురుగా చిన్న తోటే మొలిచింది. అతని కుక్క రోజూ పోయి ఆ తోట పెంచి వచ్చేది.

రంగనాథ్ గారు కిష్టమ్మను పిలిపించారు. నేను బెంచీ మీదే ఉన్నాను.

"ఏందమ్మా ఇది, గుండు గీసి పిలకలు వదిలినట్టు? సగం పని చేస్తే ఎట్లా?"

"గవి నేను ఇడిచినయి గావు సార్, మీరు ఇడిచినయి. గడ్డి ఉన్న కాడల్ల కోసిన."

"మరి అది ముందు తీసేసి కోయాల కదా."

"గడ్డికి పెట్టుకున్నరు నన్ను. పెంట ఎత్తెటోళ్లు గావాలంటే ఎవలన్న దొరుకుతరేమో అడుగుండ్రి. నేను మాత్రం ఎత్త. మాపటికి నాది రొట్టెల చెయ్యి."

ఆయన మనుషులను పంపే ఏజెన్సీకి ఫోన్ చేశారు. ఈ వానల్లో మనుషులు లేరు, ఉన్నామెను పోగొట్టుకోకండి అన్నారట వాళ్లు. దాంతో ఆయన గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు, యజమానులు బాధ్యత తీసుకోవాలని. దాని కింద దండం పెట్టే బొమ్మలు చాలా పడ్డాయి.

కిష్టమ్మ యూరియా సంచులు చుట్టుకోవడం మానేసింది. పంపు గది వెనక్కి పోవడం మానేసింది. చీర తడవకుండా ఇంటికి పోతోంది.

మొన్న ఆదివారం ప్రశాంత్ ఇంటికి వాళ్ల కంపెనీ పెద్దలెవరో భోజనానికి రావలసి ఉంది. పొద్దున్నే అతను మాస్కు, వంటింటి గ్లవుజులు తొడుక్కుని కత్తెర పట్టుకుని బయటికి వచ్చాడు. గేటు ఎదుట ఒక్కొక్క కుచ్చు దగ్గర గొంతుక్కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, ఓకరిస్తూ, పోచ పోచ కత్తిరించాడు. చాలాసేపు పట్టింది. లేచి నడుము నిమురుకుంటూ లోపలికి పోయాక నేను దగ్గరికి వెళ్లి చూశాను. గడ్డి మొత్తం చక్కగా, సమంగా కత్తిరించాడు. అడుగున ఉన్నవాటిని మాత్రం ముట్టుకోలేదు. నున్నటి పచ్చిక మీద, వచ్చేవాళ్లకు ఎదురుగా, అన్నీ తేటగా కనబడుతున్నాయి.